సిర్మాకి నలభై రోజులు

"చేపల కంపు భరించగలవా?" అన్నాడు కల్నల్ రాచెవ్.

"ఎన్నాళ్ళు సార్?"

"వాడు దొరికేదాకా."

ఏజెంట్ ఆసెన్ దోయ్చినోవ్‌కి ఈ మిషన్ అలా తగులుకుంది. కల్నల్ బల్లమీదికి ఒక ఫోటో తోశాడు. తెల్లకోటు, సన్నటి గడ్డం, నవ్వు.

"లెన్నార్ట్ వైస్. 'ఏడు అలలు' పార్కుకి పశువైద్యుడిగా వచ్చాడు. పేరు దొంగది, డిగ్రీ దొంగది, గడ్డం మాత్రం అసలుదే. అక్కడ బిసేర్ అనే ఏడేళ్ళ డాల్ఫిన్ ఉంది. దానికి తోలు చొక్కా తొడిగి, అయస్కాంతపు బాంబు మోయడం నేర్పిస్తున్నాడు."

"లక్ష్యం?"

"వార్నా రేవులో మన శిక్షణ నౌక. నూట పద్నాలుగు మంది క్యాడెట్లు. అందరూ మీసం రాని పిల్లలు."

"సిగ్నల్?"

"పార్కు గేటు స్తంభం మీద వాడి ముఠా అంటించే నల్ల అంచు కాగితం."

ఆసెన్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా వార్నా వైపు ఎవరైనా పోతే ఇంటి తలుపు మీదా, వీధి స్తంభం మీదా, బస్టాపులోనూ నల్ల అంచు కాగితం అంటిస్తాం. పేరు, వయసు, పోయి ఎన్నాళ్ళయిందో అందులో ఉంటాయి. నలభై రోజులకి ఒకటి, ఆరు నెలలకి ఒకటి, ఏడాదికి ఇంకొకటి. ఊరు ఊరంతా చచ్చినవాళ్ళ మొహాలే. వాటి మధ్య దొంగ కాగితం ఒకటి ఎక్కువైతే ఎవడు పట్టించుకుంటాడు? మా ఏడుపు వాళ్ళకి టెలిగ్రాం అయిందన్నమాట. నలభై అంకె ఉన్న కాగితం గేటు మీద కనబడితే ఆ మధ్యాహ్నం పన్నెండింటికి దాడి.

"ఇదంతా మనకి చెప్పిందెవరు?"

"జ్లాటినా. అక్కడి ట్రైనర్. వాళ్ళ మనిషి, మన మనిషి కూడా. చూశావంటే కళ్ళు తిరుగుతాయి, జాగ్రత్త. కాగితం శుక్రవారం పడుతుందని చెప్పింది. గురువారం సాయంత్రం ఆమె అసలు బాంబు తీసి డమ్మీ పెడుతుంది, శుక్రవారం పొద్దున్నే మనం ఓడ ఖాళీ చేయిస్తాం. వాడు బటన్ నొక్కుతూ ఉండగా పట్టుకుంటాం."

"ఆమెకేం కావాలట?"

కల్నల్ చిరాగ్గా ఒక కాగితం చూపించాడు. "పని అయ్యాక ఆ చేపని సముద్రంలో వదిలెయ్యాలట. రాసిచ్చాను. నా ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో చేప కోసం సంతకం పెట్టడం ఇదే మొదలు."

ఆసెన్ చేపల వంటగదిలో కూలీగా చేరాడు. టోపీ అంచులో ఇయర్‌ఫోన్, ఆప్రాన్ బొత్తాంలో కెమెరా, బకెట్ అడుగున పిస్తోలు. మూడోరోజుకి వీధిలో పిల్లులన్నీ అతని వెంట పడ్డాయి. రహస్యంగా తిరగాల్సిన మనిషికి ఇంతకన్నా అవమానం ఏముంటుంది?

జ్లాటినా వెండి తళుకుల సూట్‌లో వచ్చి గుమ్మానికి ఆనుకుంది. కళ్ళు నిజంగానే తిరిగాయి.

"హెరింగ్ చేప ఉప్పగా ఉందా ఇవాళ?" అడిగాడు ఆసెన్. అది కోడ్.

"కన్నీళ్ళంత కాదు," అంది ఆమె జవాబు కోడ్. తర్వాత ముక్కు మూసుకుంది. "అబ్బ! వేషం బానే కట్టావు గానీ, అందులో మరీ అంత లీనమైపోకయ్యా."

వంటగది పెద్ద మించో. అరవై దాటినవాడు, నోరు పారేసుకునే రకం, చెయ్యి మాత్రం వెన్న. ఆరేళ్ళుగా సిర్మా అనే డాల్ఫిన్‌కి తన చేత్తో తినిపించాడు. సిర్మా బిసేర్‌కి తల్లి. బిసేర్ చంటివాడిగా ఉన్నప్పుడు ఇద్దరూ ఒకే వలలో పడి ఇక్కడికి వచ్చారు. ఆమె ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. ఆ రోజు కూడా రెండు షోలు నడిచాయి. అది తలుచుకుంటే మించోకి ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

"బిసేర్‌గాడు కొలనంతా ఇంకా వెతుకుతున్నాడ్రా అబ్బాయ్," అనేవాడు. "అడుగున గోడ వెంబడి తిరుగుతాడు. ఆగుతాడు. చెవులొగ్గుతాడు. మళ్ళీ తిరుగుతాడు."

ఆసెన్ చేపలు కోస్తూ వినేవాడు. తన తల్లి పోయిన ఏడాది అతనూ అలాగే ఇంట్లో గదులన్నీ తిరిగాడు.

గురువారం పొద్దున ఎనిమిదింటికి గేటు దగ్గర కొత్త కాగితం. నల్ల అంచు. *సిర్మా. ఇరవై మూడేళ్ళు. 40 రోజులు. మించో మరిచిపోడు.* ఫోటో లేదు. మా వాళ్ళందరూ చేసినట్టే ఆసెన్ టోపీ తీసి ఒక నిమిషం నిలబడ్డాడు. లోపల మించో కాగితం కప్పులో పంచదార కలిపిన ఉడికించిన గోధుమలు పెట్టాడు.

"తిను. ఆవిడ పేరు మీద."

"దేవుడు చల్లగా చూడాలి," అన్నాడు ఆసెన్, తిన్నాడు. "ఫోటో పెట్టలేదేం బాబాయ్?"

"ఉన్నదొకటే. అందులో నేను పక్కనుండి ఇకిలిస్తున్నా. చావు కాగితం మీద ఇకిలింపేంట్రా?"

అంతే. వృత్తిలో పదిహేనేళ్ళ అనుభవం ఉన్న ఏజెంట్‌కి ఆ కాగితంలో దుఃఖం తప్ప ఇంకేమీ కనబడలేదు. ఎలా కనబడుతుంది? అది నిజమైన కాగితం.

లెన్నార్ట్‌కి మాత్రం మా అక్షరాలు రావు. అంకెలు వచ్చు.

పదకొండూ నలభై ఎనిమిదికి జ్లాటినా వంటగదిలోకి పరిగెత్తుకొచ్చింది. మొహంలో నెత్తురు లేదు. "వాడు ఇవాళే వదులుతున్నాడు! చొక్కా తొడిగేశాడు. వద్దంటే తుపాకీ చూపించాడు. బాంబు అసలుది, ఆసెన్! నేనింకా మార్చలేదు!"

"ఇవాళా? సిగ్నల్ ఏదీ?"

"గేటు మీద నలభై అంకె కాగితం," అంటూ ఆమె మించో వైపు చూసింది. మించో చేతిలో గోధుమల కప్పు. ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది.

"నా కాగితమా?" అన్నాడు మించో.

వాళ్ళు సముద్రపు కొలను చేరేసరికి వల తలుపు తెరుచుకుని ఉంది. బిసేర్ వీపు అఖాతంలో రెండు వందల గజాల అవతల మెరిసి మునిగింది. గట్టుమీద లెన్నార్ట్ వాచీ చూసుకుంటున్నాడు. తిరిగి తుపాకీ ఎత్తేలోపే గడ్డకట్టిన హెరింగ్ దిమ్మ ఒకటి అతని చెవి పక్కన పడింది. ఐదు కిలోలు. విసిరింది మించో. దొంగ డాక్టరు మంచు చేపల మధ్య చాప చుట్టినట్టు పడిపోయాడు. ఆసెన్ అతని మెడలోని గొలుసు తెంపాడు. దానికి బాంబు తాళంచెవి ఉంది. వాచీలో టైమర్: ఇంకా 11:20 నిమిషాలు.

ఆసెన్ ఫోన్‌లో అరిచాడు. కల్నల్ గొంతు చల్లగా వచ్చింది. "పదకొండు నిమిషాల్లో నూట పద్నాలుగు మందిని దింపలేను. గన్ బోట్లు పంపుతున్నా. ఏ డాల్ఫిన్ వీపు కనబడినా కాల్చేస్తారు."

"నీ విజిల్ ఊదు!" అన్నాడు ఆసెన్ జ్లాటినాతో.

జ్లాటినా ఊదింది. మళ్ళీ ఊదింది. బిసేర్ తిరగలేదు. ఆమె విజిల్ గట్టున పడేసింది. "చొక్కా తొడిగాక నా విజిల్ వినొద్దని నేర్పింది నేనే. వాళ్ళకి అనుమానం రాకుండా బాగా నేర్పాను."

"ఇంకెవరి పిలుపు వింటాడు?"

మించో నెమ్మదిగా అన్నాడు, "వాళ్ళమ్మ పిలుపు."

సిర్మా జబ్బు పడినప్పుడు ఆమె ఊపిరి వినడానికి నీళ్ళలో మైకు పెట్టారు. బిడ్డని పిలిచే ఆమె ఈల అందులో రికార్డయింది. టేపు షో గదిలో ఉంది, నీళ్ళలో స్పీకరూ ఉంది.

"వద్దు," అంది జ్లాటినా. "నలభై రోజులుగా వెతుకుతున్నాడు. ఉందని పిలిచి, లేదని చూపిస్తామా? నేనా ద్రోహం చెయ్యను."

"బోట్లు వాడిని కాల్చేస్తాయి."

"తెలుసు!"

"అటు నూట పద్నాలుగు మంది తల్లులున్నారు జ్లాటినా."

ఆమె ఆసెన్‌ని చంపేసేలా చూసింది. వెళ్ళి బటన్ నొక్కింది.

పైకి ఏమీ వినబడలేదు, గట్టు కింద నీళ్ళు మాత్రం సన్నగా వణికాయి. రేవు దగ్గర నీళ్ళపై బిసేర్ ఒక్కసారిగా గాల్లోకి లేచాడు. గన్ బోటు తుపాకులు పేలాయి. అప్పటికే తిరిగాడు. అంత వేగంగా ఈదిన డాల్ఫిన్‌ని మించో తన జీవితంలో చూడలేదు. ఏ షోలోనూ వాడు అలా ఈదలేదు. వల తలుపులోంచి దూసుకొచ్చి నేరుగా స్పీకర్ దగ్గరికి వెళ్ళాడు. దానికి మూతి ఆనించాడు. వీపు మీద గుండు గీసిన గీత ఒకటి ఎర్రగా ఉంది. అది వాడికి పట్టలేదు.

ఆసెన్ బట్టలతోనే దూకాడు. బాంబు మీద 0:31. చొక్కా తడిసి బిగిసింది. తాళం రంధ్రం నాచుతో జారుతోంది. 0:12. బిసేర్ కదలకుండా ఉండిపోయాడు, వాడికి ఆసెన్ ఉన్నట్టే తెలియదు. 0:04. తాళం తిరిగింది. అంకెలు రెండు దగ్గర ఆగిపోయాయి.

గట్టుమీద ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కింద బిసేర్ స్పీకర్ చుట్టూ తిరుగుతూ ఏదో చెబుతున్నాడు. నలభై రోజుల కబుర్లన్నీ ఒకేసారి చెబుతున్నట్టు ఆగకుండా ఈల వేస్తున్నాడు. స్పీకర్ అదే పిలుపు పిలుస్తోంది.

కల్నల్ మాట తప్పలేదు. వల తలుపు తెరిచే ఉంచారు. మూడు రోజులైనా బిసేర్ సముద్రం వైపు తల తిప్పలేదు, తిండి ముట్టలేదు. మించో రోజంతా నడుం లోతు నీళ్ళలో బకెట్‌తో నిలబడ్డాడు. "తినరా నాయనా. నా తప్పేరా. తిను." నాలుగో పొద్దున అతనే గట్టెక్కి, "ఆపెయ్యమ్మా," అన్నాడు. "ఇంక చాలు."

జ్లాటినా ఆపింది. బిసేర్ ఒక గంట చెవులొగ్గి ఉన్నాడు. తర్వాత మించో చేతిలోంచి ఒకే ఒక్క చేప తీసుకుని, తెరిచిన తలుపులోంచి నెమ్మదిగా వెళ్ళిపోయాడు. మించో బిగ్గరగా ఏడ్చాడు. జ్లాటినా అతని భుజం పట్టుకుంది. ఆసెన్ అఖాతం వైపు తిరిగి నిలబడ్డాడు. ఏజెంట్లు ఏడవకూడదని ఏ రూల్ బుక్కులోనూ లేదు గానీ, అలవాటు లేదు.

సోమవారం కల్నల్ ఆఫీసులో రిపోర్టు. ముఠా: ఆరుగురు అరెస్టు. ఓడ: క్షేమం. మనవైపు నష్టం: లేదు.

కల్నల్ సంతోషంగా సంతకం పెట్టాడు. పెన్ను మూత పెడుతూ, మనసులోంచి ఆ సంగతి పోనట్టుంది, అడిగాడు.

"ఆ బిసేర్ మహా పనికొచ్చేవాడయ్యా. ఎప్పుడైనా అవసరం పడి మళ్ళీ అదే టేపు వేస్తే వస్తాడంటావా?"

"వస్తాడు సార్," అన్నాడు ఆసెన్. "అదే ఏడుపు."