కాగితం పెట్టు కాకా

ఆదివారం సాయంత్రం. బయట వాన. బోయిగూడలో మా ఇంట్లో కూర్చుని, మోండా మార్కెట్ దగ్గరి మా మందుల గోదాంలో బిల్లులు ప్రింటు కొడుతున్నాను. ఇందులో వింతేం లేదు. నా లాప్‌టాప్‌లో నల్ల తెర మీద ఏ కమాండ్ ఇస్తే, తాళం వేసిన గోదాంలో పాత కంప్యూటర్ అది చేస్తుంది. ఇంట్లోనూ ఒక ప్రింటర్ ఉంది గానీ, కాగితం కొనే తీరిక నాకెక్కడిది? కాగితం లేక ముందు గదిలో ఎర్ర దీపం పెట్టుకుని కూర్చుంది ఆ ప్రింటర్ మహాతల్లి. బిల్లులు తేవడానికి తాళంచెవితో తమ్ముడు హరికిషన్ బయల్దేరాడు.

గోదాంలో కాగితం అయిపోయిందని తెర మీద వచ్చింది. ఏళ్ల అలవాటు కదా, ఇంగ్లీషు అక్షరాల్లో టకటకా కొట్టేశాను.

"కాగితం పెట్టు కాకా."

అక్కడి తెర మీద ఈ మాట పడగానే మా గోదాం మనిషి పర్వతాలు కాకా లేచేవాడు. కాగితాల కట్టను బల్ల మీద తట్టి తట్టి సర్ది పెట్టేవాడు. ఇల్లూ వాకిలీ లేని మనిషి, గోదాంలోనే ఉండేవాడు. పోయిన నెల అక్కడే చనిపోయాడు.

గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. ఇంతలో ప్రింటింగ్ మళ్లీ మొదలైంది.

హరి చేరాడనుకుని ఫోన్ చేశాను.

"కాగితం పెట్టినవా రా?"

"యాడ అక్కా! ఇంకా తొవ్వలనే ఉన్న. వాన దంచుతుంది."

తెర మీద ఒక్కో అక్షరం పడుతోంది.

"పెట్టిన బిడ్డా."

ఫోన్‌లో అరిచాను.

"హరీ... గోదాంకు పోకు. వాపస్ రా!"

"ఏందక్కా పరేషాన్? గిదో, షట్టర్ కాడికొచ్చిన." ఫోన్ కట్టయింది. మళ్లీ కలవలేదు. తెర మీద మాత్రం అక్షరాలు పడ్డాయి.

"ఎవరో వచ్చిన్రు బిడ్డా. లోపలికి గుంజాల్నా?"

నాకున్నది వాడొక్కడే. గబగబా కొట్టాను.

"వద్దు కాకా! నువ్వు ఇంటికి పో."

తెర మీద జవాబు పడింది.

"ఎవరింటికి?"

ఆలోచించలేదు. "మా ఇంటికి" అని కొట్టేశాను.

తెర ఆగిపోయింది. కాసేపటికి హరి ఫోన్.

"బిల్లులన్నీ వచ్చినయ్ అక్కా. ఈడ ఎవ్వరు లేరు. నువ్వు సుత ఊకెనే భయపడ్తవ్. వస్తున్న."

ఏడుపొచ్చింది. బతికాడు, అనుకున్నాను.

అప్పుడు వినబడింది... ముందు గదిలో. వీధి తలుపు గొళ్లెం నేనే పెట్టాను. ఇంట్లో కాగితం ముక్క లేదు.

కాగితాల కట్టను బల్ల మీద తట్టి, తట్టి సర్దుతున్న చప్పుడు.

తలుపు సందులోంచి చూశాను. ప్రింటర్ మీది ఎర్ర దీపం ఆకుపచ్చగా మారింది.