వెనకగదిలో మీసాలు

పెడనలో వెంకటపతి ఇంటి వెనకగదికి చెడ్డపేరుంది. ఒకప్పుడు అక్కడ ఓ మీసాలాయన రంగుల కాగు మరిగించేవాడట. పనిలోనే పోయాడని కొందరంటారు. పోలేదు, పక్కూళ్లో రెండో పెళ్లి చేసుకున్నాడని ఇంకొందరంటారు. ఏదేమైనా... దీపాలు పెట్టాక అటువైపు ఎవరూ వెళ్లేవారు కాదు.

వెంకటపతి భార్య లీలావతి వెళ్లింది. వెళ్లక ఏం చేస్తుంది? వాళ్ల షెడ్లలో, వీళ్ల షెడ్లలో నడుం పడిపోయేదాకా కలంకారీ అచ్చులు అద్దింది. ఆ మిగిలిన ఓపికతోనే కంప్యూటర్‌లో బొమ్మలు గీయడం నేర్చుకుంది. తనకంటూ ఓ గది కావాలంటే ఇంట్లో ఖాళీగా ఉన్నది అదొక్కటే. దెయ్యానికి ఇన్నేళ్లు గది వదిలేసినవాళ్లు, కష్టపడే ఆడదానికి ఇవ్వడానికి మాత్రం వందసార్లు ఆలోచించారు!

"నిజంగా ఉంటే అద్దె కట్టమనండి," అంది మొగుడితో.

కానీ వారం నుంచి కొత్త వైర్‌లెస్ ప్రింటర్‌కి ఏదో పట్టింది. బొమ్మ పంపితే ఉలకదు, పలకదు. ఎప్పటికో గుర్రుమని నాలుగు గీతలు గీసి ఆగిపోతుంది. ఒక్కోసారి గదిలో ఎవరూ లేనప్పుడు — దానంతటదే — కాగితం కక్కుతుంది. ఇంకు మార్చింది. కాగితాలు మార్చింది. ఆపి మళ్లీ వేసింది. వెంకటపతి మాత్రం దానికి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టాడు.

"దిష్టి తగిలింది లీలా!"

"మీ దారం లోపల ఇరుక్కుంటుందండీ. ముందది తీయండి."

ఆ రాత్రి మాత్రం నవ్వులాట కాదు. తెల్లారి మొదటి బస్సుకి బందరు వెళ్లి ఓ వ్యాపారికి చీరల కోసం గీసిన కొత్త అంచు చూపించాలి. ఆయనకి కాగితం మీద ఉంటేనే బొమ్మ. నెట్ సెంటర్లు తెరిచేలోపే రైలెక్కేస్తాడు. నచ్చిందా, ఆమె సొంత పేరు మీద మొదటి ఆర్డరు. లేదా, మళ్లీ ఇతరుల షెడ్డే.

బొమ్మ పంపింది. ఇద్దరూ ఎదురుగా కూర్చున్నారు.

నిశ్శబ్దం...

కిర్ — ర్ — ర్...

ఎక్కడో ఇనుము ఏడ్చినట్టు! ఆ వెంటనే ప్రింటర్ గుర్రుమంది. కాగితం మెల్లగా, మెల్లగా బయటికొచ్చింది. దాని మీద... పొడవాటి మీసం. పక్కనే ఇంకో మీసం.

"వాడే! లీలా, వాడే!" వెంకటపతి కుర్చీ ఎక్కేశాడు.

"రొయ్య మీసాలండీ! తీగకి పువ్వుల బదులు రొయ్యలు గీశాను కదా!"

"కళ్లు కూడా వస్తున్నాయే..."

ధడ్!

ప్రింటర్ ఆగిపోయింది. రొయ్యకి తలొచ్చింది, ఒళ్లు లేదు. లీలావతి కంప్యూటర్ వైపు చూసింది. ఇందాక కిర్రుమన్నప్పుడు తెర మూల నెట్ సిగ్నల్ గీతలన్నీ వెలిగాయి. ధడ్‌మన్నాక ఒక్కటే మిగిలింది. రెండు చప్పుళ్లూ వచ్చింది ముందుగది వైపు నుంచే.

"ఏవండీ..." అంది గుసగుసగా. "దెయ్యం ముందుగదిలో ఉంది."

"అయితే మనం ఇక్కడే ఉందాం!"

ఆమె టార్చి పట్టుకుని బయల్దేరింది. ముందుగదిలో చీకటి. మళ్లీ — కిర్ — ర్... ఇనప బీరువా ముందు తెల్లగా ఓ ఆకారం. అటు తిరిగి నిలబడి... ఏదో నములుతోంది.

టార్చి వేసింది. ఆకారం గిర్రున తిరిగి కేకపెట్టింది. ఆమె కేకపెట్టింది. వెనకగదిలోంచి వెంకటపతి, ఏమీ చూడకుండానే, తనూ ఓ కేకపెట్టాడు.

మావగారు పిచ్చేశ్వరరావు! షుగరు మనిషి. చేతిలో బందరు లడ్డు.

"నువ్వా అమ్మాయ్! ఇందాక వాడి అరుపుకే హడలిపోయి తలుపేశాను. ఇప్పుడు నువ్వు!"

"డాక్టరు ఏం చెప్పారు మావయ్యగారూ?"

"తీపి తినొద్దన్నాడు. దాచుకోవద్దన్లేదు."

ఆయన భుజం వెనక, పట్టుచీరల మధ్య, రెండు పచ్చని కళ్లు మిటకరిస్తున్నాయి... ఆమె టార్చి అటు తిప్పింది. ఇంటర్నెట్ పెట్టె! దాని తీగలు తలుపు సందులోంచి లోపలికెళ్లాయి.

"ఇది బీరువాలో ఎందుకుంది?"

"ఖరీదైన వస్తువు బీరువాలో కాకపోతే అరుగు మీద పెడతామా? పోయినవారమే భద్రంగా పెట్టి బొట్టు కూడా పెట్టాను."

లీలావతికి నవ్వాలో, తల బాదుకోవాలో తెలియలేదు. గాలిలో వెళ్లే సిగ్నల్‌కి ఇనప తలుపు అడ్డం. ఈయనకి లడ్డు మీద మనసైనప్పుడే ప్రింటర్‌కి ప్రాణం!

"లీలా! ఒళ్లొచ్చింది! తోకొచ్చింది!" వెనకగదిలోంచి వెంకటపతి గోల. "ఒకటి కాదే... మందలు మందలుగా వస్తున్నాయి!"

వారమంతా ఆమె పంపినవన్నీ వరసగా వస్తున్నాయి. పెట్టె బయటికి తీయబోయింది. మావగారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇప్పుడు కదిపితే పని ఆగదూ?"

"ఆగొచ్చు."

"మరి తలుపు మూసుకోకుండా మనిషుండాలి కదా," అని ఆయన పీట లాక్కుని, తలుపుకి వీపు ఆనించి కూర్చుని, ఇంకో లడ్డు అందుకున్నాడు. ఆమె చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

కాసేపటికి వెనకగది సద్దుమణిగింది. అంచు కాగితం రెండు చేతులతో పట్టుకొచ్చి దీపం వేసి చూసుకుంది లీలావతి. ఒక్క రొయ్యకీ మీసం చెదరలేదు.

"అయిపోయిందా అమ్మాయ్?"

"అయిపోయింది మావయ్యగారూ."

ఆయన లడ్డూల డబ్బాలోకి ఓసారి చూశాడు.

"ఎందుకైనా మంచిది... ఇంకో కాపీ తీయకూడదూ?"