పూలబండిలో పదకొండు మంది

"పదకొండు మంది, యెల్మర్. వియత్నాం వాళ్ళు. పనిప్పిస్తామని పూలబండిలో కుక్కి తెచ్చారు. ఊపిరి పసిగట్టే మన మీటర్‌కి దొరక్కుండా గాలి సందులన్నీ మూసేశారు." ఇయర్‌పీస్‌లో డైరెక్టర్ డోర్తె గొంతు గరగరలాడింది. "ఓడ తలుపు ఇంకో పన్నెండు నిమిషాల్లో పడుతుంది. అది పడితే ఇంగ్లండ్‌లో దిగేది శవాలే."

"బండి ఏది, మేడమ్?"

"నాలుగోది. ముఠాలో ఉన్న మన సబీన్ కబురు."

హుక్ ఆఫ్ హాలండ్ రేవులో, ఓడలోకి ఎక్కించిన బండ్ల మధ్య, నారింజ జాకెట్ తొడిగి ఓడ కూలీ వేషంలో ఉన్న ఏజెంట్ యెల్మర్ నాలుగో బండి సీలు విరగ్గొట్టాడు. లోపల గులాబీలు. గులాబీలు తప్ప చీమ కూడా లేదు.

పట్టు స్కార్ఫ్ సర్దుకుంటూ సబీన్ ఇనప కమ్మీల పక్క నిలబడి నవ్వుతోంది. ఛీ, దీన్ని నమ్మినందుకు తనను తానే చెప్పుతో కొట్టుకోవాలి!

"ఏ బండే?"

"మిగిలినవి తొమ్మిది. తీరిగ్గా వెతుక్కో, బాబూ."

ఆమె చేతికి బేడీ వేసి కమ్మీకి తగిలించి, హ్యాండ్‌బ్యాగ్ లాక్కున్నాడు. అందులో పదకొండు పాస్‌పోర్టులు. మనుషుల్ని కట్టేయడానికి తాళ్ళక్కర్లేదు, ఇవి చాలు!

ఒక్కో బండీ వెతుక్కుంటూ పోయాడు. నాలుగు నిమిషాలే మిగిలాయి. ఏడో బండి దగ్గర దున్నపోతులాంటి డ్రైవర్ అడక్కుండానే తలుపు తీశాడు.

"చూస్కోవయ్యా! తులిప్‌లు, డాఫొడిల్స్. వాసన కూడా చూస్తావా?"

కప్పుదాకా బకెట్లే. మీటర్ సున్నా చూపింది. యెల్మర్ వెనక్కి తిరగబోయి ఆగాడు.

"రెండూ ఒకే బకెట్‌లో ఎవడు పెట్టాడు?"

"నేనే. బాగా లేవూ?"

"డాఫొడిల్ కాడల జిగురు తాగితే తులిప్ వాడి చస్తుంది. ఈ దేశంలో పూలవాడెవడూ ఆ రెంటినీ ఒకే నీళ్ళలో పెట్టడు. నువ్వు మోస్తున్నది పూలు కాదురా, దొంగవెధవా!"

ఇనప రాడ్ గిర్రున తిరిగింది. యెల్మర్ వంగి, ముందున్న బకెట్ని కాలితో తన్నాడు. నీళ్ళలో జారి డ్రైవర్ వెల్లకిలా పడ్డాడు. లేచేలోగా బేడీలు పడ్డాయి.

బకెట్ల వెనక చెక్క గోడ. మూడో తన్నుకి విరిగింది. లోపల్నుంచి కుళ్ళిన వేడి గాలి మొహాన కొట్టింది. పెదాలు నల్లబడిన ఒక పిల్ల, తను ఊపిరి తీసుకోకుండా, స్పృహ తప్పిన ఇంకో పిల్ల మొహాన్ని ముందు వెలుతురులోకి తోసింది. ఆమె ఏమందో యెల్మర్‌కి ఆ భాష రాకపోయినా అర్థమైంది. కళ్ళు తుడుచుకుంటూ, తలుపు ఆపమని ఇయర్‌పీస్‌లో అరిచాడు.

ఓడ తలుపు కదలబోతూ ఆగింది.

"పదకొండు మందీ బతికే ఉన్నారు, మేడమ్."

అంబులెన్స్‌లు వెళ్ళాక, పోలీసు వ్యాన్‌లోంచి సబీన్ దబదబా బాదింది. "కిటికీ తెరవండి! ఊపిరాడట్లేదు!"

"రెండు నిమిషాలకేనా, తల్లీ? వాళ్ళు ఏడు గంటలున్నారు."

తిట్టుకుంటూనే కిటికీ తెరిచాడు. ఇది చస్తే రేపు కోర్టుకెవరొస్తారు మరి?