భుజంలో మగ్గం

"ఇప్పుడేమైనా తెలుస్తోందా అమ్మా?" అని అడిగారు డాక్టర్ భానోజీరావు, తెర మీంచి చూపు తిప్పకుండానే.

ఉత్పలకి ఏమీ తెలియడం లేదు. వింతంతా అందులోనే ఉంది. బియ్యపు గింజంత యంత్రం ఒకటి ఆమె కుడి భుజంలో దూరి, గంటన్నరగా చకచకా నేస్తోంది మరి! దాని పేరు మగ్గం. డాక్టరు గారిది పొందూరు, తాతలు నేతపనివారు, కనక ఆ పేరు పెట్టుకునే హక్కు ఆయనకుంది. పని కూడా మగ్గం పనే. మనిషి సొంత సెల్స్‌తో ల్యాబ్‌లో దారం తీస్తారు. ఆ దారంతో ఈ గింజ, చిరిగిన టెండన్‌ని లోపల్లోపలే పడుగూ పేకా కలిపి మళ్లీ నేసేస్తుంది. కోతా లేదు, కుట్టూ లేదు. నేత అయిపోయాక గింజ అక్కడే సెన్సర్‌గా ఉండిపోయి, నొప్పి ఎంతుందో డాక్టరు గారి చేతిలో పలక మీద అంకెల్లో చూపిస్తుంది. మనిషి మీద ఇదే మొదటిసారి.

మొదటి మనిషి కావడానికి ఉత్పల సరదాపడి ఒప్పుకోలేదు. ఆమె టెన్నిస్ డబుల్స్ క్రీడాకారిణి. ఇరవై రెండో ఏట మోకాలు తిరిగిపోతే పది నెలలకి లేచొచ్చింది. ఇరవై ఎనిమిదిలో చీలమండ విరిగితే అప్పుడూ లేచొచ్చి కప్పు కొట్టింది. భుజం మాత్రం పదకొండేళ్లుగా సలుపుతూనే ఉంది. కిందటేడు, ముప్పై మూడో ఏట, సర్వీస్ కొడుతూ కొడుతూ కోర్టు మీదే కూలబడిపోయింది. అందరూ ఇక చాల్లే అన్నారు. అననిది ఒక్క సలోమి. సలోమి బాపట్ల మనిషి, వయసులో మూడేళ్లు పెద్దది, ఆ పదకొండేళ్లూ ఉత్పలకి జోడీ. సలోమి మోకాలి చిప్ప కింద టెండన్ కూడా అరిగిపోయింది. ఉత్పల తరవాత మగ్గం కోసం పేరిచ్చినవాళ్లలో మొదటి పేరు ఆమెదే. ఉత్పల భుజం ఒక టోర్నమెంటు పొడుగునా నొప్పి లేకుండా నిలిస్తే, ఆ పైనెల సలోమి వంతు.

రెండు నెలలయ్యాక ఉత్పల మొదటి సర్వీస్ కొట్టింది. వేగం చూపించే బోర్డు నూట ఎనభై ఆరు కిలోమీటర్లు అంది! ఇరవై ఏళ్ల వయసులో కూడా ఆమె అంత కొట్టి ఎరగదు. పట్టుకోలేని సంతోషంతో బుట్టెడు బంతులూ కొట్టేసింది. భుజం కిక్కురుమనలేదు.

అంత భుజం పెట్టుకుని వరసగా మూడు టోర్నమెంట్లు మొదటి రౌండులోనే ఓడిపోయారు.

తప్పు ఎక్కడుందో అందరికీ కనబడుతూనే ఉంది. సలోమి నెట్ దగ్గర ఆలస్యంగా కదులుతోంది. డబుల్స్‌లో నెట్ దగ్గర నిలబడ్డ మనిషి వీపు సర్వీస్ చేసేవాళ్ల వైపు ఉంటుంది. బంతి ఏ వైపు కొట్టాలో, తను ఎటు దూకబోతోందో వీపు వెనక వేళ్లతో సైగ చేస్తుంది. కానీ సర్వీస్ ఏ క్షణాన వస్తుందో ఆమెకి కనబడదు. పదకొండేళ్లుగా సలోమి ఆ క్షణాన్ని గురి తప్పకుండా పట్టుకునేది. ఇప్పుడు రాకెట్ చప్పుడయ్యాక గానీ కదలడం లేదు. ఈలోగా బంతి పక్కనించి వెళ్లిపోతోంది.

ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. వంక నీదంటే నీదన్నారు. చివరికి సలోమి అసలు మాట అనేసింది. "నువ్వు బాగయ్యావు, నేను ముసలిదాన్నయ్యాను. విశాఖ ఒక్కటీ ఆడేసి విడిపోదాం."

సలోమి లేకపోతే ఈ భుజం ఎందుకు, అనుకుంది ఉత్పల.

విశాఖలో ఆట మొదలయ్యే రోజు పొద్దున్నే ప్రాక్టీసుకి దిగారు. ముందు రోజు కొట్టిన కొట్టుడుకి ఉత్పల అరచేతిలో బొబ్బ లేచింది. బంతి ఎగరేసి రాకెట్ వెనక్కి తిప్పేసరికి పిడి బొబ్బకి తగిలి చురుక్కుమంది. పళ్ల మధ్య నించి "స్స్" అని గాలి లాగింది. ఆమె బంతిని ఇంకా కొట్టనే లేదు, నెట్ దగ్గర వీపు తిప్పి నిలబడ్డ సలోమి ఎడమ పక్కకి ఒక్క దూకు దూకింది.

ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. పదకొండేళ్లుగా రాకెట్ వెనక్కి వెళ్లిన ప్రతిసారీ భుజం కలుక్కుమనేది, ఉత్పల "స్స్" అనేది. అన్నట్టు ఆమెకీ తెలియదు, విన్నట్టు సలోమికీ తెలియదు. ఆ అరక్షణం ముందు కదలడమే వాళ్ల ఆటంతా. డాక్టరు గారి మగ్గం నొప్పితో పాటు దాన్నీ తుడిచిపెట్టేసింది.

ఇంకేముంది! ఆ రోజు నించి ఉత్పల ప్రతి సర్వీస్‌కీ దొంగ నొప్పి పడింది. ఈ సంగతి మూడో చెవిన పడితే అవతలివాళ్లు ఆ చప్పుడు విని సర్దుకుంటారని ఇద్దరూ ఒట్టేసుకున్నారు. మొదటి రౌండు గెలిచారు, రెండోది ఊదిపారేశారు, సెమీస్ గెలిచారు. ఫైనల్లో కిందటేటి విజేతలు మెహ్రా అక్కచెల్లెళ్లు ఎదురయ్యారు. మూడో సెట్టు టై బ్రేక్ దాకా వెళ్లింది. స్టేడియంలో ప్రతి ప్రేక్షకుడి చెవిలోనూ కోర్టు మైకులకి కలిపిన ఇయర్‌ఫోన్ ఉంది, ఆటగాళ్ల ఊపిరి కూడా వినబడుతుంది. తొమ్మిది ఎనిమిది. ఉత్పల బంతి ఎగరేసింది. స్స్. సలోమి గాలిలో ఉంది. తిరిగొచ్చిన బంతిని అక్కచెల్లెళ్లిద్దరి నడుమకి ఒక్క తట్టు తట్టింది, అంతే, విశాఖ కప్పు వాళ్లదయింది! ఉత్పల రాకెట్ విసిరేసి పరిగెత్తుకెళ్లి సలోమిని ఎత్తేసింది, ఆ కొత్త భుజంతోనే.

విలేకరుల గదిలో మెహ్రా అక్కచెల్లెళ్లు పక్క కుర్చీల్లోనే కూర్చున్నారు. అంతలో భానోజీరావు గారు పలక పట్టుకుని గాభరాగా వచ్చారు. ఆయన మొహం పీక్కుపోయి ఉంది.

"నొప్పి ఉందా తల్లీ? నిజం చెప్పు. పలక సున్నా అంటోంది. నేను పలకని నమ్మను, నా చెవులతో నేను విన్నాను."

మెహ్రా చెల్లెలు వాళ్ల వైపే చూస్తోంది. బల్ల కింద సలోమి బూటు ఉత్పల కాలిని గట్టిగా తొక్కింది.

"కొంచెం ఉంది సార్," అంది ఉత్పల.

ఆయన తలపంకించి మైకు ముందుకి వెళ్లారు. యంత్రం సున్నా చూపిస్తున్నా మనిషి నొప్పి పడుతోంది కనక తన సెన్సరే తప్పని ఒప్పుకున్నారు. ఆ తప్పేమిటో తేలేదాకా మగ్గాన్ని ఇంకే మనిషి ఒంట్లోకీ పంపనని చెప్పేశారు. తరవాత ఇటు తిరిగారు. "జాబితాలో మొదటి పేరు మీదే, సలోమి గారూ. క్షమించండమ్మా. రెండేళ్లు పట్టొచ్చు."

ఉత్పల కాలి మీది బూటు మెల్లిగా పైకి లేచింది.

గది ఖాళీ అయింది. ఉత్పల కుర్చీలోంచి లేచింది. ఇప్పుడే పరిగెత్తి వెళ్లి ఆయనకి చెప్పేయనా అక్కా, అని అడిగింది. సలోమి కప్పుని ఒళ్లో పెట్టుకుని కాసేపు దాని అంచుని తడిమింది.

"వచ్చే వారం చెన్నైలో మళ్లీ ఈ మెహ్రాలే తగులుతారు మనకి. అది కూడా కొట్టేశాక చెబుదాంలే," అంది.

అని బల్ల పట్టుకుని లేచి, కుడి మోకాలి మీద బరువు మోపింది. ఈసారి "స్స్" అన్నది సలోమి.