ఒడ్డుకొచ్చిన తల్లి

పోలారావు గుమ్మం ముందు కూర్చుని వల చిరుగులు అల్లుకుంటున్నాడు. లోపల అతని తల్లి వరహాలమ్మ మనవరాలికి ఉప్మా వడ్డిస్తూ, "విశాఖలో నీకు తిండెట్టరేటే? పుల్లలా అయిపోనావు" అని సణుగుతోంది. మనవరాలు నూకరత్నం అక్కడ యూనివర్సిటీలో డాల్ఫిన్ల కాన్పుల మీద, జబ్బుల మీద పరిశోధన చేస్తోంది. టెక్కలిలో బస్సు మారి నిన్ననే మూలపేట వచ్చింది.

ఇంతలో పక్కింటి అసిరయ్య పరుగున వచ్చాడు.

"బావా! డాల్ఫిన్ సచ్చిపోయి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. పొట్ట ఉబ్బిపోనాది. ఆడోలు పసుపు తెత్తన్నారు, నువ్వు పార తే."

ఉప్మా పళ్ళెంలోనే ఉండిపోయింది. రత్నం చెయ్యి కడుక్కుని సంచీ భుజాన వేసుకుంది.

ఆ పేటలో డాల్ఫిన్‌ని గంగమ్మ ఆడపడుచంటారు. వలలో పడితే వల కోసైనా వదిలేస్తారు. చచ్చి ఒడ్డుకొస్తే పసుపు రాసి, బొట్టుపెట్టి, కొత్త రవికెగుడ్డ కప్పి పాతిపెడతారు.

గాలి సముద్రం వైపు వీస్తోంది. అదొక మేలు, వాసన ఊళ్ళోకి రావడం లేదు. రత్నం ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని, ఆ బూడిదరంగు పొట్టమీద చెయ్యి ఆనించి అటూ ఇటూ తడిమి చూసింది. తర్వాత సంచీలోంచి కత్తి తీసింది.

పోలారావు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "లోపలెట్టు."

"అటవీశాఖ వాళ్ళ అనుమతి ఉంది నాన్నా."

"ఊరోల అనుమతి ఉందేటి? గంగమ్మ ఆడపడుచు మీద కత్తెడితే రేపు నా తెప్పని నీళ్ళలో దించనిత్తారా?"

"కడుపుతో ఉన్నది నాకింతవరకూ దొరకలేదు. ఇది మట్టిలో కలిసిపోతే నా చదువంతా సగంలోనే ఆగిపోతుంది."

"ఆగిపోనీ. సచ్చినదాన్ని కోసి సదివే సదువేటి? మనుషులకి కానుపు సేసే డాట్రు సదువు సదవమంటే ఇన్నావా!"

"సేపల డాట్రమ్మ అంటన్నారు బావా ఊళ్ళో" అన్నాడు అసిరయ్య. ఎవరూ నవ్వలేదు.

రత్నం తండ్రి వైపు తిరిగింది. "అమ్మ ఎందుకు పోయిందని ఎన్నిసార్లు అడిగాను? గంగమ్మ తీసుకుపోయిందన్నావు. ఇంకోసారి అడిగితే అన్నం వదిలేసి లేచిపోయేవాడివి. తల్లులు ఎందుకు పోతారో తెలుసుకోకుండా నేను ఉండలేను నాన్నా."

పోలారావు చెయ్యి వదిలేశాడు. రత్నానికి ఆరేళ్ళప్పుడు, రెండో కాన్పు దగ్గరపడుతుండగా, బిడ్డ కడుపులో ఉండగానే అతని భార్య జగదాంబ పోయింది. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"కడుపూ లేదు, ఏటీ లేదు. నీళ్ళకి ఉబ్బింది" అన్నాడు అసిరయ్య.

రత్నం డాల్ఫిన్ తోక వైపు, కిందిభాగంలో ఉన్న చిన్న చీలిక పక్కన వేళ్ళతో మెల్లగా నొక్కింది. చిక్కటి పాలచుక్క ఒకటి పైకి వచ్చి నిలిచింది.

పసుపు గిన్నెతో వంగిన వరహాలమ్మ అది చూసి ఆగిపోయింది. "పాలే! ఇది నిండు సూలాలు. ఆపండర్రా. బిడ్డని కడుపులో ఉంచి పాతెయ్యకూడదు. తల్లినీ బిడ్డనీ ఏరు సేసి పక్కపక్కన పడుకోబెట్టాలి. మనోలకి సేత్తాం, గంగమ్మ ఆడపడుచుకి సెయ్యొద్దేటి?"

ఆడవాళ్ళంతా అవునన్నారు. అసిరయ్య పార కిందపెట్టాడు. పోలారావు మాత్రం వెనుదిరిగి తెప్పల వైపు నడిచాడు. జగదాంబ పోయినప్పుడూ అంతే. తల్లీబిడ్డల్ని వేరు చేస్తున్నారని తెలిసి తెప్ప తోసుకుని సముద్రంలోకి పోయాడు. అంతా అయిపోయాక గానీ ఒడ్డెక్కలేదు.

ఈసారి తెప్ప మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కాసేపటికి వెనక్కి వచ్చాడు.

రత్నం బిడ్డను తీసి తడిగుడ్డ మీద పడుకోబెట్టింది. మెత్తటి తోక రెక్కలు ఇంకా మడత విప్పుకోలేదు. ఒంటిమీద ముడతలు, కడుపులో వంగి పడుకున్న గుర్తులు. పోలారావు పక్కన కూర్చున్నాడు.

"తలే ముందొత్తాదా వీటికి?"

"కాదు నాన్నా, ఎక్కువగా తోకే ముందు. పుట్టగానే తల్లి పక్కనే పైకి తేలి ఊపిరి పీలుస్తుంది."

"ఇదెందుకు పోనాదో తెలుత్తాదా?"

"తెలియొచ్చు. చూడాలి."

అతను ఆ చిన్న తోకని వేలితో తాకాడు. "మగదా, ఆడదా?"

"ఆడది."

పోలారావు తల ఎత్తకుండానే అడిగాడు. "అమా... మనది?"

వరహాలమ్మ పసుపు గిన్నె ఇసుకలో పెట్టింది. ఇన్నేళ్ళలో కొడుకు ఆ మాట అడగడం అదే మొదలు.

"గుంటడు రా. నల్లటి జుత్తు, గుప్పెడు. నానే తానం సేయించి, తల్లి పక్కన పడుకోబెట్టినాను."

పోలారావు ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. రత్నం చేతికున్న తొడుగులు విప్పి, చేతులు కడుక్కుని వచ్చి, తండ్రి వీపుమీద చెయ్యి వేసింది. అమ్మ కడుపులో పోయింది తమ్ముడని ఆమెకూ ఇప్పుడే తెలిసింది.