కొలంబర్ కోటలో ఉయ్యాల

ద్రాసా ఊరు దాటాక గుట్ట మీద కనిపించే రాతి మేడని మావాళ్ళు కొలంబర్ కోట అంటారు. కొలంబర్ అంటే, మన తాతల్ని కూలి ఒప్పందం మీద ఓడల్లో ఈ దీవికి తెచ్చిన గిర్మిట్ కాలంలో చెరకుతోటల మీద పెత్తనం చేసిన తెల్లదొర. ఇంగ్లండులో కోటల్లాగా బురుజులు పెట్టి మరీ కట్టించుకున్నాడు. స్వాతంత్ర్యం వచ్చాక దాన్ని హోటల్ చేశారు. మన తాతలు తల వంచుకుని నిలబడ్డ వరండాలోనే పడక కుర్చీలు వేసి, హాయిగా సేదతీరండి అంటారు. నాకైతే ఒళ్ళు మండుతుంది.

గుట్ట కింద మా ఊరు లోవులో మావాళ్ళెవరూ చీకటి పడ్డాక అటు పోరు. పై అంతస్తులో ఒక ఉయ్యాల ఉంది...

దొర బిడ్డకి పాలివ్వడానికి నాగమ్మ అనే బాలింతని తెచ్చారట. ఆమె బిడ్డ చెరకు గట్టు మీద గోనెపట్టాలో పడి ఉండేవాడు. ఒకరోజు సాయంత్రం వెళ్ళి చూస్తే వాడు కదల్లేదు. మర్నాడు కూడా ఆమెని పనికి పిలిచారు. దొరలు బిడ్డని తీసుకుని ఓడెక్కి పోయాక కూడా నాగమ్మ ఆ ఖాళీ ఉయ్యాల ఊపుతూనే ఉండేదట— దాని పక్కనే పోయిందట.

ఇక అసలు సంగతి. ఇది నాకు చెప్పింది ఆ హోటల్లో గదులు సర్దే పార్బతి.

రాజధాని సువా నుంచి రవీంద్ర, అతని భార్య కాంత వచ్చారు. మన తెలుగువాళ్ళే. కాంతకి అంతకుముందు కాన్పులన్నీ పోయాయి. ఈసారి ఏడో నెల నిండింది. పూర్తి విశ్రాంతి కావాలని డాక్టరు చెబితే, పాపం, రవీంద్ర ఎక్కడా లేని ప్రేమతో కోటకే తీసుకొచ్చాడు. వాళ్ళ సొంతూరు దీవికి అవతల, నౌసోరి వైపు. ఈ పక్క కథలు అతనికేం తెలుసు?

కాంత వరండాలో కాళ్ళు చాపుకుని, సముద్రపు గాలికి కూర్చుని, టీ తాగుతూ నవ్వింది. పార్బతి చెయ్యి లాక్కుని పొట్ట మీద పెట్టి, "చూడు, ఎలా తంతున్నాడో!" అంది.

పై అంతస్తులో తమ పక్క గదిలో ఉయ్యాల చూసి కాంత ముచ్చటపడి తాకబోయింది. "నై ఛూనా, దీదీ!" ముట్టుకోవద్దంటూ పార్బతి ఆమె చెయ్యి పట్టుకుంది. నాగమ్మ సంగతంతా హిందీలో చెప్పి, తలుపు మూసేసింది.

ఆ రాత్రి రవీంద్ర నిద్రపోయాక—

కిర్రు... కిర్రు...

కాంత లేచి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది. గాలి లేదు. ఖాళీ ఉయ్యాల దానంతటదే ఊగుతోంది.

పారిపోయి ఉంటే బాగుండేది. కానీ మనవాళ్ళ పెంపకం ఒకటుంది కదా! ఖాళీ ఉయ్యాల ఊగితే కడుపులో బిడ్డకి కీడని వాళ్ళ అవ్వ చెప్పేది. అందులో ఏదో ఒకటి పడుకోబెట్టమనేది. కాంత చేతికందింది అవ్వ పాత నూలు చీరే. పుట్టగానే బిడ్డని అందులోనే చుట్టాలని పెట్టెలో దాచి తెచ్చుకుంది. దాన్ని గబగబా పొత్తిలిలా చుట్టి ఉయ్యాలలో పెట్టింది.

ఉయ్యాల ఆగింది. కాంత ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు వినిపించింది... గోడవైపు నుంచి, సన్నగా.

"వచ్చావా నాయనా... పడుకో... పడుకో..."

తెలుగు. పార్బతికి తెలుగు ముక్క రాదు.

ఉయ్యాల మళ్ళీ ఊగింది, ఈసారి మెల్లగా. పొట్టలో బిడ్డ గట్టిగా ఒక్కసారి తన్నాడు. కాంత గదికి పరుగెత్తి, భర్తని లేపకుండా, దుప్పటి కప్పుకుని తెల్లవార్లూ కూర్చుంది.

పొద్దున పార్బతి ఉయ్యాల చూసింది.

"దీదీ, ఇందులో ఏం పెట్టావు?"

"అవ్వ చీర."

"ఎవరికని తెచ్చుకున్నావు?"

కాంత ముందుకు వంగింది. ఉయ్యాలలో చెయ్యి పెట్టి చూసింది. చీర వెచ్చగా ఉంది. పాల వాసన వేస్తోంది. రెండో చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది, నొక్కింది, మళ్ళీ నొక్కింది.

"ఏమండీ... వీడు కదలడం లేదు," అని పక్క గదిలో ఉన్న భర్తని కేకేసింది.

ఆస్పత్రిలో తీశారు. మగబిడ్డ. ఏడవలేదు.

సువా వెళ్ళిపోయే ముందు సామాన్ల కోసం కోట దగ్గర ఆగారు. కాంత తిన్నగా పైకి వెళ్ళింది. చీరని ఎవరూ ముట్టుకోలేదు, అది ఉయ్యాలలోనే ఉంది. ఆ పాడుచీర కాల్చేస్తానని పార్బతి ఏడుస్తూ చెయ్యి చాపింది.

కాంత ఆ చెయ్యి మెల్లగా పక్కకి తోసింది. చీర అంచులు సర్ది, దగ్గరగా చుట్టింది.

"తియ్యకు పార్బతీ," అంది గుసగుసగా. "బిడ్డకి చలేస్తుంది."