నలభై రెండు సొరంగాలు

"మూడు గంటలకు సిరిసిల్లలో డాక్టర్ రాజ్‌కుమార్‌ని చంపబోతున్నారు. నిషాత్ దుబాయి నుంచి రెండు మిస్డ్ కాల్స్ ఇచ్చింది. అంటే హంతకుడి ఫొటో పంపిందన్నమాట. చూశావా?"

ఇయర్‌పీస్‌లో చీఫ్ గోవర్ధన్ గొంతు విని ఏజెంట్ ప్రేమ్‌సాగర్ కోరుట్లలో ఒక ఇంటి గడప ముందు ఆగాడు. రాజ్‌కుమార్ మన సైన్యం సందేశాలకు ఎన్‌క్రిప్షన్ తాళం తయారుచేసిన శాస్త్రవేత్త. ఇవాళ సొంతూళ్లో ఆయనకు సన్మానం. నిషాత్ విదేశీ ముఠా ఆఫీసులో అత్తరు గుబాళిస్తూ తిరిగే డబుల్ ఏజెంట్. ఆమె ప్రేమ్‌సాగర్ ఫోన్‌కి మాత్రమే సందేశాలు పంపుతుంది; ఆ మెసేజింగ్ యాప్ మన దేశంలో నిషిద్ధం. దాన్ని వీపీఎన్ అనే రహస్య సొరంగం గుండానే తెరవాలి.

"వీపీఎన్లు బంద్ కదా సార్. నా ఫోన్‌కి మినహాయింపు..."

"ఫైలు ఢిల్లీలో ఉంది. రెండు రోజులు పడుతుంది. బంద్ పెట్టమని రిపోర్టు రాసింది నువ్వే కదయ్యా!"

నిజమే. తన వేలితో తన కన్నే పొడుచుకున్నాడు. 'కోరుట్లలో రోజూ రెండున్నరకు నలభై రెండు ఫోన్లు గల్ఫ్‌కు రహస్య సొరంగాలు తెరుస్తున్నాయి. స్లీపర్ సెల్స్!' అని రాసి శభాష్ అనిపించుకున్నాడు. ఆర్డరొచ్చి ఆరు రోజులు. ఇవాళ మళ్లీ ఒక సొరంగం తెరుచుకుంటే, చుట్టిన బీడీలు సరిచూసే కంపెనీ చెకర్ వేషం వేసుకుని ఈ గడప దగ్గరికి వచ్చాడు. వాచీలో డిటెక్టర్ ఎర్రగా మెరుస్తోంది.

లోపల బాలమణి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తంబాకు డబ్బాకు ఆనించిన ఫోన్లో భర్త ఎల్లన్న, లేబర్ క్యాంపులో అన్నం తింటూ పసిపాపను చూసి మురుస్తున్నాడు.

"రోజూ గిదే టైమా అక్కా?" అడిగాడు ప్రేమ్‌సాగర్.

"మరి? ఆడ అన్నం బెల్లు గప్పుడే గొడ్తరు. ఆ దేశంల వీడియో కాల్ నడ్వనియ్యరు, వీపీఎన్ ఉంటేనే నడుస్తది. ఎవడో సచ్చినోడు బంద్ వెట్టిచ్చిండు. బిడ్డ బోర్ల వడ్డది, తండ్రి జూడలే. వాని నోట్ల మన్ను వడ! పక్కింటి విజయ ఇయ్యాల ఇంకో యాప్ ఏసిచ్చింది."

ప్రేమ్‌సాగర్‌కి తల కొట్టేసినట్టయింది. ఇంటికొకరు గల్ఫ్‌కు వెళ్లే జగిత్యాలలో పుట్టి పెరిగినవాడు, గల్ఫ్ అన్నం వేళ తెలియక ఇల్లాళ్లను గూఢచారులని రాశాడు! టైం రెండూ నలభై ఎనిమిది.

"అక్కా, నేను చెకర్‌ను గాదు. సర్కారు మనిషిని. బంద్ వెట్టిచ్చింది నేనే. ఇప్పుడు ఒకాయన పానం వోతాంది. గా యాప్ నాకియ్యి."

బాలమణి అతన్ని ఎగాదిగా చూసింది.

"ఫోన్ ఇటియ్యి. ముందుగాల పానం కాపాడు. తిట్టుడు తర్వాత తిడ్త."

రెండూ యాభై ఆరుకు యాప్ ఎక్కింది. నిషాత్ పంపిన ఫొటో తెరుచుకుంది. కింద ఒకే వాక్యం: 'శాలువా కప్పేది వీడే, అంచులో విషపు సూది.'

"జైపాల్! శాలువా ఆపు!" అని ఇయర్‌పీస్ మైకులో అరిచాడు ప్రేమ్‌సాగర్.

సభలో కాపలా ఉన్న ఏజెంట్ జైపాల్ ఒక్క గెంతులో వేదికెక్కాడు. శాలువా అప్పటికే రాజ్‌కుమార్ భుజానికి జానెడు దూరంలో ఉంది. హంతకుడి చెయ్యి మెలిపెట్టగానే సూది కింద పడింది.

"శభాష్! బంద్ ఆర్డరుకు కూడా కలిపి నీ పేరు మెడల్‌కి రాస్తున్నా," అన్నాడు చీఫ్.

ప్రేమ్‌సాగర్ తలెత్తలేదు. ఎదురుగా బాలమణి చాట పక్కన పెట్టి, కొంగు నడుముకు దోపుకుంటోంది.

"మెడల్ వద్దు సార్, ముందు బంద్ ఎత్తించండి. బంద్ పెట్టించినందుకు నాకు రావలసింది ఇక్కడే ఇస్తున్నారు. నిలబడి పుచ్చుకుంటాను."